ఇంజన్ మూత మీద పొక్కులు

ఏప్రిల్ 9

అక్కా,

ఫోన్ చేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకుని పెట్టేశాను. ఫోన్లో అయితే నేను సగం చెప్పేలోపు నువ్వు అరుస్తావు, నువ్వు అరిచేసరికి నేను పెట్టేస్తాను, ఆ తర్వాత నెల రోజులు మనకి మాటలుండవు. నాన్న షెడ్డు మూసేసే సంగతి కూడా ఉత్తరాల మీదే తేల్చుకున్నాం కదా. ఇదీ రాసే చెబుతున్నాను. నేను మునిగిపోతున్నాను అక్కా.

పోయిన నెల మా షోరూముకి ఒక స్పోర్ట్స్ కారు వచ్చింది. ముదురు నీలం. ఎంత కిందికి ఉంటుందంటే, ఎక్కడం కాదు, అందులోకి దిగాలి. ఇంజన్ వెనకవైపు ఉంటుంది, దాని మీద ఒక మూత. లారీలోంచి దించేటప్పుడు ఆ మూత మీద మూరెడు పొడుగున గీత పడింది. కారు కొన్నావిడ పళ్ళ డాక్టరు. దానికోసం రెండేళ్ళు ఎదురుచూసిందట. మేనేజరు ఆవిడ దగ్గర ఏమీ దాచలేదు, ఉన్నదున్నట్టు చెప్పాడు. చెప్పి, మా పెయింటరు చేతిలో పడితే గీత ఎక్కడుండేదో మీరే కనిపెట్టలేరని ఒప్పించాడు. ఆ పెయింటరు నేనే.

వేశాను. నాన్న రంగుల షెడ్డులో నువ్వు నేర్పినట్టే వేశాను. ముందు నీలం, దాన్ని వేడి లైట్ల కింద ఆరబెట్టి, లైట్లు ఆపి, రేకు చల్లారేదాకా ఆగి, అప్పుడు పైన గాజులా మెరిసే క్లియర్. చల్లారిందో లేదో నువ్వు చూపించినట్టే చూశాను. మూత లోపలివైపు నాలుగు వేళ్ళు ఆనించి పది లెక్కపెట్టాను. ఎక్కడా వెచ్చదనం లేదు. అప్పుడే స్ప్రే గన్ను ఎత్తాను. కారు ఇచ్చిన రోజు ఆవిడ ఆ మూతలో తన ముఖం చూసుకుని నవ్వింది.

పదిహేను రోజులకి కారు తిరిగొచ్చింది. రెండు వారాలు ఎండలో తిరిగేసరికి మూత నిండా పొక్కులు. ఆవగింజంత ఒకటి, గుండుసూది తలంత ఇంకొకటి, కొన్ని పగిలి సన్నటి చిల్లులు పడ్డాయి. ఆవిడ అరవలేదు. వాటి మీద చెయ్యి వేసి, ఇదేమిటండీ అని అడిగింది.

మే నాలుగున కంపెనీ నుంచి పరీక్షకుడు వస్తాడు. తప్పు నాదని తేలితే ఆ సాయంత్రమే నన్ను బయటికి పంపేస్తానని మేనేజరు చెప్పాడు. పెయింటు వల్ల బయటికి పోయినవాణ్ణి ఇంకే షోరూమూ గడప కూడా తొక్కనివ్వదు. నాకు వేరే పని రాదు. లెక్కలు రాయడం, కార్లు అమ్మడం ఏదీ రాదు. ఎక్కడ తప్పు జరిగిందో చెప్పు అక్కా, కాళ్ళూ చేతులూ ఆడటం లేదు.

మీ మరదలికి ఇంకా పూర్తిగా చెప్పలేదు. పొయ్యి మీద పాలగిన్నె గుడ్డ లేకుండా దించేస్తున్నానని, పెయింటరు చేతులంటే అలా ఉండాలని పక్కింటివాళ్ళకి గొప్పలు చెబుతోంది. ఆ గొప్పలు వింటుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

బావకి నమస్కారాలు.

దిక్కు తోచని నీ తమ్ముడు


ఏప్రిల్ 13

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. నీ రంగు పొంగడమేమిట్రా? పదిహేడేళ్ళప్పుడు నువ్వు వేసిన వ్యాను తలుపు చూసి నాన్న నీతో ఒక్క మాట అనలేదు గానీ, నా దగ్గరికొచ్చి, వీడికి నేర్పడానికి ఇంక ఏమీ లేదే అన్నాడు. ఇన్నేళ్ళూ ఇది నీకు చెప్పలేదు, నెత్తికెక్కుతుందని.

ఇప్పుడు నేను చెప్పేది బుర్రలో పెట్టుకో. అది ఇంజన్ మూత అంటున్నావు. కింద కుంపటి పెట్టుకుని కూర్చున్నట్టు ఉంటుంది దాని బతుకు. కారు చేతికిచ్చే ముందు ఎవరో ఒకరు ఇంజన్ నడిపే ఉంటారు. మూత మూసి నడిపారా, తీసి నడిపారా? ఎంతసేపు నడిపారు? పచ్చి పూత ఆరకముందే కింద నుంచి మంట పెడితే పొక్కులు రాక ఏమొస్తాయి? పోయి అడుగు. మేనేజరు ముందు బెల్లం కొట్టిన రాయిలా నిలబడకు. నువ్వు మాట్లాడకపోతే తప్పంతా నీదేనని రాసేసుకుంటారు.

ఒక్కటి అడుగుతాను, ముక్కు మీద కోపం తెచ్చుకోకు. తొందరపడ్డావా? చిన్నప్పుడు రంగు ఆరని తలుపు మీద వేలు పెట్టి చూసేవాడివి.

నా సంగతులు మామూలే. ఈతకొలను దగ్గర టిక్కెట్ల కిటికీలో కూర్చుంటున్నాను. ఎండలకి జనం విరగబడుతున్నారు. రెండు టిక్కెట్లు అతుక్కుని ఉంటే విడదీయలేక ఒకరికే ఇచ్చేస్తున్నాను. కళ్ళజోడు మార్చుకోమంటాడు మీ బావ. ఆయాసం ఎప్పటిలాగే ఉంది. ఆ రంగు పొగలు వదిలేశాక కాస్త నయం.

అన్నం మానేసి కూర్చున్నావని తెలిస్తే బస్సెక్కి వచ్చి మరీ తంతాను.

నీ అక్క


ఏప్రిల్ 17

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. చేయకుండా ఉంటే బాగుండేదేమో.

కారు ఇచ్చే ముందు ఇంజన్ నడిపి చూసింది బోల్టన్న. నీకు రాశాను కదా, మా మెకానిక్. చేరిన కొత్తలో నాకు కారు నడపడం నేర్పినవాడు, పదకొండేళ్ళుగా మేమిద్దరం ఒకే బల్ల మీద క్యారియరు విప్పుతాం. మూత మూసి గంటసేపు ఇంజన్ నడిపాడని మేనేజరుతో చెప్పాను. పిలిచి అడిగితే, నడిపిన మాట నిజమేనన్నాడు బోల్టన్న. ఎంతసేపో గుర్తులేదన్నాడు. ఆయన అబద్ధం ఆడడు, దబాయించడు, అదే ఆయన కొంప ముంచింది. తేలేదాకా పనిలోకి రావద్దన్నాడు మేనేజరు. ఆయన పనిబట్టలు మడతపెట్టి సంచిలో పెట్టుకుంటూ నా వైపు ఒక్కసారి చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అసలు సంగతి ఇప్పుడు విను. నీ ఉత్తరం అందకముందే ఆ మూత విప్పి, పాత పూతంతా రేకు దాకా గీకేసి మళ్ళీ వేశాను. ఈసారి కారుకి బిగించలేదు. స్టాండు మీద పెట్టి పెరట్లో ఎండకి ఉంచాను. మూడో రోజుకి మళ్ళీ పొక్కులు. కింద ఇంజన్ లేదు, బోల్టన్న లేడు. ఆ మూతా, ఎండా, నా పనితనం, అంతే. అంటే ఆయన తప్పు కాదు అక్కా. నాకు తెలిసిపోయింది. అయినా మేనేజరుకి చెప్పలేదు. చెబితే ఇంక మిగిలేది నేనొక్కణ్ణే.

పొక్కులొచ్చిన మూతని ఇంకో గదిలోకి మోసి గుడ్డ కప్పాను. దొంగలా అయిపోయాను.

తొందరపడ్డావా అని నువ్వు కూడా అడిగావు. మేనేజరూ అదే మాట, మీ మరదలూ అదే మాట. తొందర లేదు. లైట్లు ఆపాక వేళ్ళు ఆనించాను, పది కాదు ఇరవై లెక్కపెట్టాను. చల్లగా ఉంది. ఒట్టు. నాకు పిచ్చెక్కుతోందేమో అనిపిస్తోంది. ఈ మధ్య చొక్కా బొత్తాలు కూడా సరిగ్గా పెట్టుకోలేకపోతున్నాను, అంత వణుకు పట్టుకుంది.

త్వరగా రాయి.

తమ్ముడు


ఏప్రిల్ 21

తమ్ముడూ,

రెండుసార్లు రాసి చించేశాను. ఇది మూడోది.

దిగులు పెట్టుకోకు. రంగులో కలిపే థిన్నర్ మార్చి చూడు. ఇంత ఎండల్లో మెల్లగా ఆరే రకం వాడాలి, మీ స్టోరువాడు పాత డబ్బా అంటగట్టి ఉంటాడు. పూతకీ పూతకీ మధ్య ఇంకో పది నిమిషాలు ఆగు. పొర పల్చగా వెయ్యి.

ఇంకొకటి. మీ పెయింటు గదిలో గోడకి వేడి చూసే పిస్తోలు ఒకటి వేలాడుతూ ఉంటుందని, దానికి బూజు పట్టిందని ఎప్పుడో నవ్వుతూ రాశావు. ఈసారికి దాన్ని తీసి మూత మీద పెట్టి చూడు. ఊరికే, ఒక్కసారి. అంకె ఎంత చూపించిందో నాకు రాయి.

బావకి నడుం నొప్పి. నేను బాగానే ఉన్నాను. ఆ బోల్టన్న సంగతి ఇప్పుడే కదిపి నెత్తి మీదికి తెచ్చుకోకు. పరీక్షకుడు వచ్చి వెళ్ళనీ.

అక్క


ఏప్రిల్ 24

అక్కయ్యకి,

నీ ఉత్తరం అందింది. థిన్నర్ కొత్త డబ్బానే. స్టోరువాడు నా కళ్ళముందే సీలు తీశాడు.

వేళ్ళతో తెలుసుకోలేక పిస్తోలు పట్టుకునేవాడు పెయింటరు కాదని, కూలివాడని అన్నది ఎవరు? నువ్వే. నాన్న షెడ్డులో అందరి ముందూ అన్నావు. ఇప్పుడు నన్నే దాన్ని పట్టుకోమంటున్నావు. చెప్పదలుచుకుంటే సూటిగా చెప్పు. నీకు నా మీద నమ్మకం పోయింది. నీ పని మానేసి నువ్వు హాయిగా కిటికీలో కూర్చున్నావు, ఇక్కడ కాలుతున్నది నేను.

నిన్న బోల్టన్న గేటు దగ్గరికి వచ్చాడు. తన సొంత రెంచీల పెట్టె లోపల ఉండిపోయిందట, ఇమ్మని వాచ్‌మన్‌ని అడిగాడు. లోపలికి రానివ్వలేదు. నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. పదకొండేళ్ళలో మొదటిసారి నన్ను మీరు అన్నాడు. థాంక్సండీ అన్నాడు.

పళ్ళ డాక్టరు రోజు విడిచి రోజు వచ్చి అద్దంలోంచి కారుని చూసి వెళ్తోంది. మూత లేని కారు. నేను బాత్రూములో దాక్కుంటున్నాను.

ఇంక పది రోజులుంది. ఇదే రంగు ఇంకొక్కసారి వేయడానికి మాత్రమే సరిపోతుంది. ఆ తర్వాత డబ్బా ఖాళీ.

తమ్ముడు


ఏప్రిల్ 27

నా తమ్ముడూ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. మరదలు పక్కన ఉంటే మంచిది.

నాకు నీ మీద నమ్మకం పోలేదు. నీ చేతి వేళ్ళ మీద పోయింది. నీ మొదటి ఉత్తరంలోనే పోయింది, పాలగిన్నె మాట చదివినప్పుడే. గుడ్డ లేకుండా పాలగిన్నె దించడం గొప్ప కాదురా. నీకు వేడి తెలియడం లేదు. చొక్కా బొత్తాలు పట్టుదొరకనిది వణుకు వల్ల కాదు. రేకు కాలుతుంటే నీ వేళ్ళు చల్లగా ఉందని చెబుతున్నాయి, నువ్వు నమ్మి క్లియర్ కొడుతున్నావు. వేడి రేకు మీద కొట్టిన క్లియర్ పైన చప్పున బిగుసుకుంటుంది, లోపలి థిన్నర్ బయటికి రాలేక ఉండిపోతుంది. ఎండ తగిలిన రోజున అది పొంగుతుంది. అంతే. ఇందులో ఇంజన్ లేదు, మెకానిక్ లేడు.

ఎలా తెలుసంటావు కదా. నేను పని మానేసింది ఆయాసం వల్ల కాదు. నాకు ఆయాసమే లేదు. మెట్లు గబగబా ఎక్కుతాను, అడుగు మీ బావని.

ఆరేళ్ళ కిందట ఒక స్కూలు వ్యానుకి రంగు వేశాను. ఇలాగే పొంగింది. రంగు అమ్మినవాణ్ణి నలుగురిలో కడిగేశాను, కల్తీ సరుకని. ఆ వారమే బట్టలు ఇస్త్రీ చేస్తుంటే కమురు వాసన వచ్చింది. బట్ట కాలుతోందనుకుని పెట్టె ఎత్తి చూశాను. బట్టకేమీ కాలేదు. నా చూపుడువేలు కాలుతోంది. నాకు తెలియనే లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఏళ్ళ తరబడి థిన్నర్‌తో చేతులు కడిగితే నరాలు చచ్చుబడతాయన్నాడు. మనం షెడ్డులో రోజూ సాయంత్రం ఒకే డబ్బాలో మోచేతుల దాకా ముంచి కడుక్కునేవాళ్ళం. సబ్బు ఆడంగి పని అని నిన్ను ఏడిపించింది నేనే. ఆడదాన్నయి ఉండి ఆ మాట అన్నాను. ఆ డాక్టరు చివర్లో ఒకటి అడిగాడు. మీ ఇంట్లో ఇంకెవరైనా ఈ పని చేస్తున్నారా అని. లేరని చెప్పాను.

ఎందుకలా చెప్పానో ఆరేళ్ళుగా నాకు నేనే రకరకాలుగా చెప్పుకున్నాను. నువ్వు భయపడి పని మానేస్తావని, నాన్న పని ఆగిపోతుందని. అవన్నీ సాకులు. సిగ్గుపడ్డాను. వేళ్ళతో తెలుసుకోలేనివాళ్ళు పెయింటర్లు కారని ఊరందరికీ చాటిన దాన్ని, నా వేళ్ళు పోయాయని ఎలా చెప్పను? నిన్ను ఆ రోజే హెచ్చరించి ఉంటే గ్లవుజులు వేసుకునేవాడివి, వేళ్ళు మిగిలేవి.

పాలగిన్నె సంగతి చదివాక కూడా నీకు ఇంజన్ మీద అనుమానం పెట్టింది నేనే. నీ చేతి సంగతి ఎత్తితే నా చేతి సంగతి చెప్పాలి కదా. దాన్ని తప్పించుకోవడానికి ఎవరినో ఒకరిని చూపించాను. ఆ మనిషి నీ బోల్టన్న అవుతాడని నాకేం తెలుసు? తెలిసినా చూపించేదాన్నేమో, అంత పిరికిదాన్ని.

ఇప్పుడు ఇలా చెయ్యి. రెండు గ్లాసులు తీసుకో. ఒకదాంట్లో మామూలు నీళ్ళు, ఒకదాంట్లో వేడివి, మరీ కాలేంత కాదు. కళ్ళు మూసుకో. మరదల్ని చేతికి అందించమను. ఏది ఏదో చెప్పు. నా మాట అబద్ధమైతే బస్సెక్కి వచ్చి నీ కాళ్ళ మీద పడతాను. అబద్ధం కావాలని మొక్కుతున్నాను.

మీ అక్క


మే 5

అక్కా,

అబద్ధం కాలేదు.

ఉత్తరం చదివి ముందు దాన్ని నాలుగు ముక్కలు చేశాను. తర్వాత మీ మరదలు ముక్కలు కలిపి చదివింది. తనే నీళ్ళు కాచింది. పదిసార్లు ఇచ్చింది. పదిసార్లూ ఊహించి చెప్పాను. ఆరు తప్పాయి. చివర్న రెండు గ్లాసులూ రెండు చేతుల్లో పెట్టి, ఇప్పుడైనా చెప్పండి అని అడిగింది. రెండూ ఒకటే అన్నాను. కుడిచేతిలో ఉన్నదాంట్లోంచి ఆవిరి వస్తోందట.

మర్నాడు పిస్తోలు దుమ్ము దులిపి తీశాను. మూత మళ్ళీ గీకి నీలం వేసి, లైట్ల కింద ఆరబెట్టి, లైట్లు ఆపి, నా వేళ్ళు చల్లారిందని చెప్పేదాకా ఆగి, అప్పుడు పెట్టి చూశాను. యాభై ఆరు డిగ్రీలు. ముప్పై దాటితే కొట్టవద్దని క్లియర్ డబ్బా మీద పెద్దక్షరాలతో అచ్చేసి ఉంది. ఇన్నాళ్ళూ ఆ డబ్బాని చేత్తో పట్టుకుని తిరిగాను. ఇరవై ఎనిమిది చూపించేదాకా స్టూలు మీద కూర్చున్నాను. కూర్చున్నంతసేపూ ఏడ్చాను, చెప్పడానికి సిగ్గేముంది. తర్వాత క్లియర్ కొట్టాను. నాలుగు రోజులు ఎండలో పెట్టాను. ఒక్క పొక్కు లేదు. నా జన్మలో అంత బాగా వేసింది లేదు.

నిన్న పరీక్షకుడు వచ్చాడు. మూత చూసి, ఇది బాగానే ఉందే, ఇంక గొడవ దేనికన్నాడు. మేనేజరు ముఖం విప్పారింది. నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఉద్యోగం మిగిలేది, ఇంజన్ వేడి వల్లే పాడైందని కాగితం రాసుకునేవాళ్ళు. గుడ్డ కప్పి దాచిన సంగతి, నా వేళ్ళ సంగతి అన్నీ చెప్పేశాను. బోల్టన్న నడిపింది గంట కాదని, పది నిమిషాలని, గంట అని నేనే పెంచి చెప్పానని కూడా చెప్పాను. అవును, పెంచాను. నీకు కూడా గంట అనే రాశాను.

పళ్ళ డాక్టరు అక్కడే ఉంది. కారు మాట ఎత్తలేదు. కళ్ళు మూసుకోమని, సంచిలోంచి పెన్ను తీసి నా వేళ్ళ మీద గుచ్చుతూ ఎక్కడో చెప్పమంది. ఆవిడ ఇంకా మొదలుపెట్టలేదనుకుని ఎదురుచూస్తున్నాను. అప్పటికే గుచ్చడం అయిపోయిందట. రేపే నరాల డాక్టరుకి చూపించుకోమని చీటీ రాసి ఇచ్చింది. మేనేజరు నన్ను ఇంక పెయింటు గదిలోకి వెళ్ళవద్దన్నాడు. నెలాఖరు దాకా స్టోరులో కూర్చోమన్నాడు, ఆ తర్వాత సంగతి చెప్పలేదు. నేను అడగలేదు.

సాయంత్రం బోల్టన్న ఇంటికి వెళ్ళాను. రెండో అంతస్తు, గుమ్మంలో చెప్పులు వరసగా పెట్టి ఉన్నాయి. లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాను. మేనేజరు పనిలోకి పిలుస్తున్నాడని చెప్పాను. నా చేతులు చూపించాను, నాకే తెలియలేదన్నా అన్నాను. నా వేళ్ళ వైపు చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నేను చూశాను. క్షమించేస్తాడనుకున్నాను.

"నీ వేళ్ళకి తెలియలేదు, సరే. నీ నోటికి తెలియలేదా?" అన్నాడు.

మెల్లగా తలుపు వేసుకున్నాడు. గడియ చప్పుడు కూడా కాకుండా వేశాడు. పనిలోకి రాడట. ఇవాళ పొద్దున మేనేజరుకి కబురు పంపాడు.

నీ మీద కోపం రావాలి. వస్తోంది కూడా. నువ్వు నీ డాక్టరుతో ఇంకెవరూ లేరని చెప్పిన ఆ ఒక్క ముక్క దగ్గర నా ప్రాణం ఆగిపోతోంది. ఉన్నాను కదక్కా. నేను ఉన్నాను కదా.

ఇప్పుడే రావద్దు. నిన్ను చూస్తే ఏమంటానో నాకే తెలియదు.

తమ్ముడు


మే 8

తమ్ముడూ,

రావద్దన్నావు. వస్తున్నాను. శనివారం తెల్లవారి బస్సుకి దిగుతాను. నువ్వు తిట్టాల్సినవన్నీ తిట్టు, ఒక్కటి కూడా మిగుల్చుకోకు. నేను అరవను. ఎదురుచెప్పను. మొదటిసారి కదా, నీకు వింతగా ఉంటుంది.

నరాల డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం. మీ ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అని మళ్ళీ అడుగుతాడు. ఈసారి పక్కనే కూర్చుని ఉంటాను.

బోల్టన్న అడిగిన మాట చదివాక రెండు రోజులుగా టిక్కెట్ల కిటికీ తెరవలేదు. గంట అన్నది నీ నోరే. కానీ అనమన్నది నా ఉత్తరం. ఆయనకి నువ్వొక్కడివే తెలుసు, నా సంగతి తెలియదు. ఒక మనిషి వేళ్ళు పోయాయని తెలిసి కూడా నోరు మూసుకున్న మనిషి ఇంకొకతె ఉందని ఆయనకి ఎవరో ఒకరు చెప్పాలి. పనిలోకి వస్తాడని కాదు. రాడు. నేనైతే వచ్చేదాన్ని కాదు.

బస్టాండుకి నువ్వు రావద్దు. ఆయన ఇంటి చిరునామా చీటీ మీద రాసి మరదలితో పంపు. ముందు అక్కడికి వెళ్తాను. తలుపు తీసినా, తీయకపోయినా, ఆ తర్వాతే మీ ఇంటికి వస్తాను.

అక్క